పదమూడో ఎక్కం మంట

మొన్న ఆదివారం సముద్రపు ఒడ్డు పార్కులో ఇమ్రాన్ సంచిలోంచి ఒక తుపాకీ తీసి మూకుడికి గురిపెట్టాడు. కంగారు పడకండి, అది వేడి చూసే తుపాకీ. మీట నొక్కితే వస్తువు మీద ఎర్రటి చుక్క పడుతుంది, వెనక చిన్న తెర మీద అంకె వస్తుంది. ఇమ్రాన్ మా అమ్మాయితో పాటు రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు కంప్యూటర్లు చూసే కుర్రాడు, హైదరాబాదు వాళ్ళబ్బాయి, ఏ పనైనా పరికరం లేకుండా మొదలుపెట్టడు. సింగపూరు పార్కుల్లో సిమెంటుతో పొయ్యిలు కట్టి ఉంచుతారు, ముందుగా బుక్ చేసుకుంటే ఆ పూటకి మనవే. జురాంగ్ ఈస్ట్ నుంచి రైలెక్కి, ఈ చివర నుంచి ఆ చివరకి గిన్నెలూ గరిటెలూ మోసుకుంటూ వెళ్ళి, చెమటలు కక్కుకుంటూ పొగ పీల్చడాన్ని మా వాళ్ళు పిక్నిక్ అంటారు. నేను మాత్రం ఆ పొగ కోసమే వెళ్తాను. మా ఫ్లాటులో కట్టె వెలిగిస్తే వాసన నా ముక్కుకి చేరేలోపు ఫైరింజను కింద నిలబడి ఉంటుంది కనక, పొగ తాగాలంటే నాకు వేరే దారి లేదు.

"ఆంటీ, నూనె ఇప్పుడే పొయ్యకుండ్రి. ఇంకా తొంభై కూడా కాలే" అన్నాడు ఇమ్రాన్, తళతళలాడే కొత్త స్టీలు మూకుడు మీద ఎర్రచుక్క నిలబెట్టి. ఇంకో రెండు కట్టెలు పెట్టాడు. మళ్ళీ గురిపెట్టాడు. మళ్ళీ రెండు కట్టెలు. పక్కన నా మనవరాలు తన్వి ఆ తెరలోకి తొంగిచూస్తూ, "అమ్మమ్మా, స్టిల్ నైంటీ లా. సో స్లో" అని సింగపూరు యాసలో నాకు వార్తలు చదువుతోంది. నాకేమో మూకుడు దగ్గరికి వంగితేనే మొహం చుర్రుమంటోంది. నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే అవి నిలవకుండా పూసల్లా అటూ ఇటూ పరిగెత్తి మాయమయ్యాయి. తొంభై దగ్గర నీళ్ళు అలా నాట్యం చెయ్యవని తెలియడానికి చదువు అక్కర్లేదు గానీ, నేను చెబితే వింటారా? అంకె చెప్పాలి. అందుకని పొయ్యిలోంచి సగం కాలిన కట్టె ఒకటి తీసి, నిప్పు ఆర్పి, ఆ బొగ్గుతో మూకుడు పక్కన నల్లటి మచ్చ రుద్దాను. ఇమ్రాన్ కొత్త మూకుడు కదా, ప్రాణం చివుక్కుమన్నట్టు చూశాడు.

"ఇప్పుడు ఆ మచ్చ మీద కాల్చు నాయనా" అన్నాను.

అంకె ఒక్కసారి రెండువందలు దాటి ఎక్కడికో పోయింది. "అరె! ఖరాబయిందా ఏంది ఇది?" అన్నాడు.

"నీ తుపాకీకి ఏమీ కాలేదు. మెరిసే గిన్నె తన వేడి దానికి సరిగా చెప్పదు. నల్లటిదైతే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది."

"హౌ డు యూ నో, అమ్మమ్మా?" అంది తన్వి. దాని కళ్ళలో నా మీద అంత గౌరవం నేను ఎప్పుడూ చూడలేదు. ఫోనులో అక్షరాలు పెద్దవి చెయ్యడం దగ్గర్నుంచి అన్నీ అది నాకు నేర్పడమే తప్ప నేను దానికి నేర్పింది లేదు. అందుకని కొంచెం బెట్టు చేసి, "మా నాన్న బట్టీలు చూసేవాడే. ఇవన్నీ మాకు ఇంట్లో అన్నంతో పాటు పెట్టేవాళ్ళు" అన్నాను. ఆ మాటలో సగం కోత, సగం నిజం. ఆ నిజం సగం ఇంటికొచ్చే రైల్లో నా పక్కనే కూచుని జురాంగ్ దాకా వచ్చింది.

మా నాన్న గోదావరి పక్కన పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ సూపర్‌వైజరు. పచ్చి పెంకులు బట్టీలో పేర్చి, కట్టెలు వేసి కాలుస్తారు. మంట తక్కువైతే పెంకు వానకి నానిపోతుంది, ఎక్కువైతే వంకర తిరుగుతుంది. ఎప్పుడు ఎంత వేడి ఉందో చూసి చెప్పడం ఆయన పని. బట్టీ గోడ కన్నంలోంచి దుర్భిణీ లాంటి దానితో చూసేవాడు, ఇనప గొట్టంలో తీగలు దూర్చిన పుల్లని లోపల పెట్టి, దాని తీగ చివర ఉన్న డయలు మీద ముల్లు చూసేవాడు. ఫ్యాక్టరీలో అలా చూసినవాడు ఇంటికొచ్చి ఊరుకుంటాడా? మా ఇంట్లో "కాఫీ వేడిగా ఉంది" అనడానికి వీల్లేదు. "ఎంత వేడి?" అనేవాడు. జ్వరం వస్తే "ఒళ్ళు కాలిపోతోంది" అనకూడదు. మా అమ్మ స్నానాల వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు కలిపి తొలిపితే, పిలిచి "గోరువెచ్చగా అంటే ఎవరి గోరు? నీదా నాదా?" అనేవాడు. మా అమ్మ నవ్వి ఊరుకునేది. ఊరుకోనిది మామ్మ ఒక్కతే. మామ్మ అంటే మా నాన్నని కన్న తల్లి, కాబట్టి ఆవిడకి ఆయన పరిజ్ఞానం మీద ఏమాత్రం భయభక్తులు లేవు. "నిన్ను కన్నప్పుడు ఏ ముల్లు చూసి కన్నానురా?" అనేది.

ఆ వంటిల్లు మామ్మది. తెల్లవారక ముందే లేచి పొయ్యి అలికి, ముగ్గు పెట్టి, తన పీట వేసుకుని కూచునేది. ఆ పీట మీద ఇంకెవరూ కూచోవడం నేనెరగను. పిల్లి కూడా దాని చుట్టూ తిరిగి వెళ్ళేది. పొయ్యి వెనక గోడవారని కట్టెలు రకరకాలుగా దొంతులు పెట్టి ఉండేవి. పప్పుకి చింతకట్టె, నూనె వంటలకి సరుగుడు, నీళ్ళ కాగుకి కొబ్బరిమట్టలు. చింత నిదానంగా, పెద్దమనిషిలా కాలుతుందనీ, సరుగుడుకి కోపం త్వరగా వచ్చి త్వరగా పోతుందనీ, మట్టలది ఉత్త హడావుడి అనీ మామ్మ చెప్పేది. వానాకాలం తడికట్టె పొగ ఒక వాసన, బెల్లం పాకం పొంగి పొయ్యి అంచు మీద పడి మాడితే ఇంకో వాసన. ఆ రెండూ కలిసిన వాసన మా మామ్మ చీర కొంగుది. నాన్న చొక్కాది కాలిన మట్టి వాసన. ఆ ఇద్దరూ వేడి గురించి పోట్లాడుకుంటుంటే నేను మధ్యలో కూచుని ఎవరు గెలుస్తారా అని చూసేదాన్ని. నేను మాత్రం ఇద్దరికీ వేరేవేరేగా "నువ్వే గెలిచావు" అని చెప్పి ఇద్దరి దగ్గరా బెల్లంముక్క పుచ్చుకునేదాన్ని.

మామ్మకి వీధి వీధంతా పేరున్నది అరిసెల దగ్గర. అరిసెలకి పాకం కుదరడం ఒక ఎత్తు, మంట కుదరడం ఒక ఎత్తు. నీళ్ళలో పాకం చుక్క వేసి వేళ్ళతో ఉండ చేసి చూడాలి. ఆ పాకంలో తడిపిండి కలిపి చలిమిడి చేసి, వత్తి, నూనెలో వెయ్యాలి. నూనె చల్లగా ఉంటే అరిసె నూనె తాగేసి జావకారుతుంది, మరీ కాగితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, పాకం లేతదైతే నూనెలోనే విచ్చిపోయి పోగులు పోగులుగా తేలుతుంది. శ్రీమంతం వచ్చినా, పిల్లలు అడుగులు వేసినా వీధిలోవాళ్ళు మామ్మనే పిలిచేవాళ్ళు. అడుగులకి అరిసెలు కదా మరి. బిడ్డ మొదటి అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటి మీద నడిపించి, నలుగురికీ పంచకపోతే ఆ నడక లెక్కలోకి రాదని మా వీధి నమ్మకం.

అలాంటి మామ్మ చేతి అరిసెలు ఒక శ్రీమంతంలో విచ్చిపోయాయి. అందరూ దిష్టి అన్నారు. ఇంకోసారి మాడాయి. అప్పుడూ దిష్టే అన్నారు గానీ ఈసారి కొంచెం నెమ్మదిగా అన్నారు. మామ్మకి తోడికోడలు ఒకావిడ ఉండేది, పక్కవీధిలో ఇల్లు, మేం చిన్నమామ్మ అనేవాళ్ళం. ఆవిడ మాత్రం, "అక్కకి దిష్టి తగలడం ఎక్కువైంది పాపం, ఇహ కాస్త విశ్రాంతి తీసుకుంటే బాగుణ్ణు" అంటూ ఇల్లిల్లూ తిరిగి జాలిపడింది. ఆవిడ కళ్ళు ఆ పీట మీద ఎప్పట్నుంచో ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే నాన్నకి అవకాశం దొరికింది. ఫ్యాక్టరీలో పాతవని పక్కన పెట్టేసిన పుల్ల ఒకటి, డయలు ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. పుల్లని వంచి మూకుడు అంచుకి తగిలించి, కొస నూనెలో మునిగేలా, అడుక్కి మాత్రం తగలకుండా అమర్చాడు. "అడుక్కి తగిలితే అది ఇనుము వేడి చెబుతుంది, నూనెది కాదు" అని నాకు పాఠం చెప్పాడు. పొగకి పాడవుతుందని డయలుని వంటింట్లో పెట్టకుండా, తీగని కిటికీలోంచి బయటికి లాగి వసారా గోడకి బిగించాడు. అరిసెల నూనె ఎక్కడ ఉండాలో అక్కడ అద్దం మీద ఎర్రరంగుతో గీత గీశాడు. పుల్ల మూకుట్లో ముంచనివ్వడానికి మామ్మ ఒక్క షరతు పెట్టింది. డయలుని ఆవిడ గడియారం అనేది, ఆ గడియారం తన కళ్ళ పడకూడదు. వసారాలో ఉంది కనక పడదు. "వేడి ఇక్కడుంటే లెక్క వీధిలో ఉందిట!" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

ఆ నవ్వులు ఇంకా సద్దుమణగక ముందే ఒక మధ్యాహ్నం, అమ్మ మా చంటి తమ్ముణ్ణి పడుకోబెట్టి తనూ కునుకు తీస్తున్నప్పుడు, మామ్మ నన్ను పిలిచింది.

"వరం, ఇలా రా. నీకు ఆ గడియారం చూడ్డం వచ్చా?"

"వచ్చు. నాన్న నేర్పాడు."

మామ్మ తన చేతులు నా ముందు చాపింది. వేళ్ళ చివర్లన్నీ బొబ్బలు. పట్టుకారు లేకుండా గిన్నెలు దించుతుంటే అలవాటు పడిన చేతులని అందరం మెచ్చుకునేవాళ్ళం. "వీటికి ఏమీ తెలియడం లేదే. నిప్పు పట్టుకున్నా నీళ్ళు పట్టుకున్నా ఒకటే. కళ్ళకీ పొర కమ్మింది. నూనె కాగిందో లేదో మూకుడు మీద మొహం పెట్టినా కనపడడం లేదు" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, కోపంగా ఉంది. "ఈ సంగతి పొక్కిందా, మీ చిన్నమామ్మ ఆ సాయంత్రానికే వచ్చి నా పీట మీద కూచుంటుంది. నన్ను ముందుగదిలో కుర్చీలో కూచోబెట్టి చేతికి జపమాల ఇస్తారు. దేవుడికి దణ్ణం పెట్టనని కాదు. కానీ పొయ్యి ముందు పీట పోయాక ఈ ఇంట్లో నాకేం పనే?"

"నాన్నకి చెబుదాం మామ్మా."

"చెబితే నీ నాన్న గెలిచాడని ఫ్యాక్టరీ దాకా టముకు వేస్తాడు. నోరు మూసుకుని నేను చెప్పేది విను."

మా మామ్మ బుర్ర ఎంత పాదరసమో నాకు ఆ రోజే తెలిసింది. పాకం సంగతి తేలిక. "ఉండ చెయ్యడం నేర్చుకోవే, రేపు అత్తారింట్లో మాట పడతావు" అని నలుగురి ముందూ నా చేత పాకం ఉండ చేయిస్తుంది. అది గట్టిగా ఉందో మెత్తగా ఉందో నా మొహం చూసి తెలుసుకుంటుంది. మంట సంగతి ఎక్కాలతో. నేను వసారాలో డయలు కింద పలక పట్టుకుని కూచుని ఎక్కాలు వల్లెవెయ్యాలి. ముల్లు గీతకి కింద ఉంటే ఏడో ఎక్కం, మామ్మ కట్టె ఎగదోస్తుంది. గీత దాటితే పదిహేడో ఎక్కం, కట్టె వెనక్కి లాగుతుంది. గీత మీద నిలబడితే పదమూడో ఎక్కం, అరిసె వేస్తుంది. లోపల ఎవరున్నా, ఎంతమంది చూస్తున్నా, చదువుకునే పిల్ల గొంతు వినపడుతుంది, అంతే.

ఆ వానాకాలమంతా మా వంటింట్లో ఒక్క గారె మాడలేదు. మామ్మ పేరు మళ్ళీ వీధిలో మోగింది. నా పేరూ మోగింది. "ఆ పిల్లకి ఎక్కాల పిచ్చి. పొద్దస్తమానం అదే వల్లె. పదమూడో ఎక్కమైతే నిద్రలో కూడా చెబుతుంది" అని మా టీచరుగారు అమ్మతో అన్నారట. పదకొండో ఎక్కం, పన్నెండో ఎక్కం నాకు బొత్తిగా రావన్న సంగతి ఎవరూ గమనించలేదు. నాన్నేమో రోజూ వసారాలో నిలబడి డయలు చూసుకుని, "చూశావా అమ్మా, గీత మీద ఎంత బాగా నిలబడిందో! గడియారం పెట్టాకే కదా నీ మంట కుదిరింది" అనేవాడు. "నీ గడియారం మొహం. నా చెయ్యి కుదిరింది" అనేది మామ్మ లోపల్నించి. నేను పలక మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని.

అలా ఉండగా తమ్ముడు మంచం కోడు వదిలేసి పిల్లి వెనకాల నాలుగడుగులు వేశాడు. అరిసెలకి ముహూర్తం పెట్టారు. చలిమిడి వత్తడానికి చిన్నమామ్మ వచ్చింది. వస్తూ వస్తూ తన సొంత జల్లిగరిటె బొడ్లో దోపుకుని వచ్చింది. మా ఇంట్లో జల్లిగరిటెలు లేకనా? మామ్మ ఆ గరిటె వైపు చూసింది, పీట మీద ఇంకాస్త సర్దుకుని కూచుంది. వీధిలోవాళ్ళందరికీ పంచాల్సిన అరిసెలు. ఇవి గనక చెడితే ఇక దిష్టి అని ఎవరూ అనరని నాకూ తెలుసు. పాకం నేనే ఉండ చేశాను, బాగా కుదిరింది. నేను వసారాలోకి పరిగెత్తి డయలు కింద కూచున్నాను. ముల్లు పైకి వస్తోంది, ఏడో ఎక్కం అయిపోవస్తోంది, ఇంకొక్క నిమిషంలో పదమూడు ఎత్తుకుంటాననగా వీధిలో కారు ఆగింది.

దిగింది నాన్న ఫ్యాక్టరీ మేనేజరుగారు. వంటింటి పొయ్యికి డయలు బిగించిన వింత చూడ్డానికి నాన్నే పిలిచాడు. మంచి మనిషి, చేతిలో తమ్ముడికి బొమ్మ కూడా తెచ్చారు. కానీ ఆయనకొక జబ్బు ఉంది. పిల్లలు కనపడితే ఎక్కాలు అడుగుతారు. నాన్న కుర్చీ వేసి కాఫీకని లోపలికి వెళ్ళాడు. మేనేజరుగారు నా ఎదురుగా కూచుని, "ఓహో, చదువుకుంటున్నావా? ఏదీ, పదిహేడో ఎక్కం చెప్పు" అన్నారు.

ముల్లు సరిగ్గా గీత మీదికి వచ్చి నిలబడింది.

"పదమూడో ఎక్కం చెబుతానండి" అన్నాను.

"వచ్చింది ఎవరైనా చెబుతారు. పదిహేడు చెప్పు."

పెద్దవాళ్ళ మాట కాదంటే వీపు విమానం మోత మోగే కాలం అది. "పదిహేడొకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్ఫైనాలుగు..." లోపల కట్టెలు బరబర వెనక్కి లాగిన చప్పుడు. ముల్లు దిగడం మొదలుపెట్టింది. "పదిహేడు మూళ్ళు యాభైఒకటి, ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పధ్నాలుగు..." అని ఉన్నపళంగా ఏడులోకి దూకాను. లోపల కట్టెలు ఎగదోసిన చప్పుడు, గొట్టంతో ఊదిన చప్పుడు.

"అదేమిటమ్మా, పదిహేడులోంచి ఏడులోకి జారిపోయావు? సరే, పందొమ్మిదో ఎక్కం రానీ" అన్నారు మేనేజరుగారు, సరదాగా కాళ్ళు చాపుకుంటూ.

పందొమ్మిదికి మా ఒప్పందంలో అర్థం లేదు. నేను నోరు తెరిచి "పందొమ్మిదొకట్ల..." అన్నానో లేదో, లోపల్నించి మామ్మ గొంతు గట్టిగా వినపడింది. "పందొమ్మిదేంటే!"

"ఎక్కాలు నీకెందుకు అక్కా? మూకుడు సంగతి చూడు" అంది చిన్నమామ్మ.

మామ్మ తన లెక్క తను వేసుకుంది. పదిహేడంటే మంట ఎక్కువ, పందొమ్మిదంటే ఇల్లు అంటుకునేంత ఎక్కువ. ఉన్న కట్టెలన్నీ బయటికి లాగి నీళ్ళు చల్లేసింది. కిటికీలోంచి పొగ దుప్పటిలా వసారాలోకి వచ్చిపడింది. మేనేజరుగారు దగ్గుతున్నారు. ఆ పొగలోంచే చిన్నమామ్మ మాట తియ్యగా వినపడింది. "లే అక్కా. నేను కూచుంటాలే." బొడ్లోంచి గరిటె తీసిన చప్పుడు కూడా నాకు వినపడినట్టే అనిపించింది. నాకు ఏ ఎక్కమూ రావడం లేదు, ఏడుపు ఒక్కటే వస్తోంది.

నాన్న కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నించి ఉన్నాడో తెలియదు. ఒకసారి డయలు చూశాడు, ఒకసారి నన్ను చూశాడు, పొయ్యిలోంచి బయటపడి పొగలు కక్కుతున్న కట్టెల్ని కిటికీలోంచి చూశాడు. ముల్లు ఎలా కదులుతుందో చూసి బట్టీలో ఏం జరుగుతోందో చెప్పే మనిషికి మా వంటింట్లో ఏం జరుగుతోందో కనిపెట్టడానికి ఎంతసేపు? ఆయన మొహంలో మొదట నవ్వు వచ్చింది. ఇన్నేళ్ళ పోట్లాటలో గెలిచినవాడి నవ్వు. "మా అమ్మ నా డయలు మీదే వంట చేస్తోంది" అని ఒక్క మాట అంటే చాలు, మేనేజరుగారు, చిన్నమామ్మ, వీధి వీధంతా సాక్ష్యం. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎందుకు గడియారం కావలసి వచ్చిందో కూడా ఆయనకి అప్పుడే తట్టి ఉంటుంది.

"సార్, దానికి పెద్ద ఎక్కాలు వస్తాయండీ. చిన్నవే రావు" అన్నాడు నాన్న, కాఫీ ఆయన చేతిలో పెడుతూ. తరవాత డయలుకి వీపు ఆనించినట్టు నిలబడి, మెడ మాత్రం పక్కకి తిప్పి ముల్లు చూస్తూ, గట్టిగా అన్నాడు. "ఏడో ఎక్కం చెప్పవే వరం. భయపడకుండా. మీ మామ్మకి వినపడేలా."

చెప్పాను. లోపల కొత్త కట్టె ఎగదోసిన చప్పుడు, సరుగుడు చిటపటలు. "మళ్ళీ మొదట్నించీ" అన్నాడు నాన్న. చెప్పాను. "ఇంకొక్కసారి." చెప్పాను. "ఇప్పుడు పదమూడు." "పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవైఆరు..." అంటుండగా లోపల మొదటి అరిసె నూనెలో పడి చుయ్యిమంది. ఆ చప్పుడు విని నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఆ తరవాత చలిమిడి అయిపోయేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. పదమూడు, కాసేపు పదిహేడు, మళ్ళీ పదమూడు. మేనేజరుగారు కాఫీ తాగి, "మీ అమ్మాయికి పదమూడంటే మహా ఇష్టంలా ఉందే" అన్నారు. "మా ఇంట్లో అందరికీ ఇష్టమేనండి" అన్నాడు నాన్న.

అరిసెలు పళ్ళెంలో పెట్టుకుని మామ్మే స్వయంగా తెచ్చింది. ఎర్రగా, సమంగా, నువ్వులు మెరుస్తూ. వెనకాల చిన్నమామ్మ, గరిటె మళ్ళీ బొడ్లోకి వెళ్ళిపోయింది. మేనేజరుగారు ఒకటి తిని, ఇంకోటి తిని, అప్పుడు వచ్చిన పని గుర్తొచ్చి, "ఇదేనా మీ డయలు? పనిచేస్తోందా?" అన్నారు. నాన్న మామ్మ వైపు చూడలేదు. "లేదండి, చెడిపోయింది. మా అమ్మ చేతి వాటమే" అన్నాడు. ఫ్యాక్టరీలో ముల్లు ఒక గీత తప్పు చెబితే నిద్రపోని మనిషి. "నేను ముందే చెప్పాను, పనికిమాలిన గడియారమని" అంది మామ్మ. తమ్ముణ్ణి అరిసెల మీద నడిపించారు. వాడు రెండడుగులు వేసి, మూడోది తొక్కకుండా వంగి నోట్లో పెట్టుకున్నాడు.

ఇప్పుడు నా ఫ్లాటులో అన్నీ అంకెలే. పొయ్యి మీద అంకె, గీజరు మీద అంకె, గోడ మీద ఏసీ అంకె. మా నాన్న చూస్తే ఆనందంతో నోట మాట రాదు. ఏ వస్తువూ ఏదీ దాచదు, మనుషులూ దాచుకోనక్కర్లేదు. నేను చెప్పిన కథ మళ్ళీ చెబితే తన్వి, "యూ టోల్డ్ ఆల్రెడీ లా, అమ్మమ్మా" అని మొహం మీదే అనేస్తుంది. ప్రేమ లేక కాదు, దాని పెంపకంలో నిజం అంటే అంతే, తుపాకీ తీసి కాల్చినట్టు. నాకు వినపడడం తగ్గిందని మొన్న మా అమ్మాయి అందరి ముందూ చెప్పి, ఆ వారంలోనే పాయా లేబర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మంచిదే, చెవి బాగైంది. మామ్మ వేళ్ళు కూడా ఎవరైనా అలా తీసుకెళ్ళి చూపిస్తే ఆ బొబ్బలు అన్ని ఉండేవి కావని నాకు తెలుసు. అయినా నాకు మామ్మ మీద అసూయగా ఉంటుంది. నా కోసం ఇంటిల్లిపాదీ గొంతెత్తి పదమూడో ఎక్కం చెప్పే రోజు నాకు రాదు.

ఆ అరిసెల మర్నాడు పొద్దున్న నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని బడికి బయల్దేరుతుంటే, మామ్మ వీధి గుమ్మం దాకా వచ్చింది. ఎప్పుడూ రాదు. అటూ ఇటూ చూసింది. ఎదురింటి అరుగు మీద ఎవరూ లేరని నిశ్చయం చేసుకుని, గొంతు తగ్గించి, "ఒరే, మీ ఫ్యాక్టరీలో ఆ గడియారానికి కాస్త నా కంటికి ఆనేంత పెద్ద ముల్లు దొరకదుట్రా?" అంది.

నాన్న సైకిలు స్టాండు వేశాడు. నేను కడ్డీ మీదే ఉన్నాను. మామ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలూ తిప్పి తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"తెలియడం లేదని నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే, ఎంత తెలియడం లేదు అని అడుగుతావు కదరా" అంది మామ్మ.

నాన్న నవ్వాడనే అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే, ఆ వేళ్ళు మొహానికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు నేను బడికీ, ఆయన డ్యూటీకీ ఆలస్యంగా వెళ్ళాం.